బోర్డు ముందు గెడంత చోటు

మొన్న మంగళవారం ఉదయం, ఏలూరులో నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్ షట్టరు ఎత్తుతుండగా ఫోను మోగింది. చేసినవాడు తాడేపల్లిగూడెంలో నాతోపాటు డిగ్రీ వెలగబెట్టిన మిత్రుడు. వాడు పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఫోను చెయ్యలేదు, మిస్డ్ కాలే ఇస్తాడు. అలాంటివాడు నాలుగోసారి మోగుతున్నా కట్ చెయ్యలేదంటే సంగతి పెద్దదేనని ఎత్తకముందే అర్థమైంది.

“కరెంటు బాబాయి పోయాడ్రా,” అన్నాడు. “తెల్లారగట్ల టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి జారబడిపోయాడంట. సాయంత్రం నాలుక్కి సమాధి.”

నాకు ముందు ఏడుపు రాలేదు. ముందు వచ్చిన ఆలోచన ఇది: “అయితే ఇంక చెప్పక్కర్లేదు.” దాని వెనకే రెండోది వచ్చింది: “ఇంక చెప్పినా బాబాయి వినరు.” షట్టరు సగం ఎత్తి అలాగే నిలబడిపోయాను. ఒక పెద్దమనిషికి ఒక నిజం చెప్పాల్సిన బాకీ నాకుంది. అయిదేళ్ల నుంచి రేపు, మాపు అంటున్నాను. ఆ నిజం చెబితే కరెంటు బాబాయి పోగొట్టుకున్న మంచిపేరు ఆయనకు తిరిగి వచ్చేది. చెప్పడానికి కావలసినవి నోరు ఒకటి, ధైర్యం ఒకటి. నోరు నాకు దేవుడు అవసరానికి మించే ఇచ్చాడు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కొన్ని మర్యాదలున్నాయి. పోయినవారు ఆజానుబాహువై ఉండాలి, అజాతశత్రువై ఉండాలి, చిరునవ్వు చెరగనివారై ఉండాలి. విచారంతో మనవి చేస్తున్నాను, మా బాబాయి ఈ మూడింట్లో ఒక్క పేపరూ పాసవలేదు. మనిషి అయిదడుగుల రెండంగుళాలు, అదీ రబ్బరు చెప్పులతో కలిపి. శత్రువులకు కొదవలేదు: కుర్చీలు అద్దెకిచ్చేవాళ్లు, వంటవాళ్లు, పూలవాళ్లు, బ్యాండువాళ్లు, వీడియోవాళ్లు, మేము. చిరునవ్వు సంగతంటారా, ముహూర్తం అయిపోయి, జనం భోజనాలకు లేచి, హాల్లో సగం లైట్లు ఆర్పాక ఒక్కసారి వచ్చేది. అప్పటికి చూసేవాళ్లుండేవారు కారు.

ఆ శత్రుత్వాలన్నిటికీ మూలం ఒక మీటరు నేల.

తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణ మండపానికి ఆయన ఇరవై ఏళ్లు వైర్‌మన్. మా వీధిలో మాకు నాలుగిళ్ల అవతల ఉండేవారు. పెద్దలు, పిల్లలు అందరికీ ఆయన కరెంటు బాబాయే. ఆ మండపం కట్టిన మేస్త్రీ ఏ ధ్యానంలో ఉన్నాడో కాని, హాలు మొత్తానికి కరెంటిచ్చే ప్యానెల్ బోర్డును సరిగ్గా పెళ్లి వేదిక వెనక గోడకు పెట్టించాడు. బీరువా అంత ఇనప పెట్టె. అందులో మెయిన్ స్విచ్చి, వరుసగా ఫ్యూజులు, జనరేటరుకు మార్చే పిడి. దాని ముందు కాస్త ఖాళీ కనిపిస్తే చాలు, సృష్టిలోని సమస్త వస్తువులూ అక్కడికి నడిచొచ్చేవి: కుర్చీల దొంతరలు, కూల్‌డ్రింకుల కేసులు, అరటి గెలలు, అత్తగారి సూట్‌కేసు, ఒకసారి పరుపు వేసుకుని గుర్రుపెడుతున్న పెళ్లికొడుకు మేనమామ.

“ఏవండీ, ఇది తీయించండి,” అనేవారు బాబాయి.

“అయిదు నిమిషాల్లో తీసేస్తామండీ.”

“మంట అయిదు నిమిషాలు ఆగుతుందేమో అడిగి రండి. ఆగుతానంటే నేనూ ఆగుతాను.”

మేనమామ గారిని కూడా ఆయన నిద్ర లేపలేదు. పరుపు చివర పట్టుకుని, గడ్డి మోపు లాగినట్టు మీటరు దూరం లాగేసి వచ్చి తన స్టూలు మీద కూర్చున్నారు.

మీటరు అంటే సుమారు మీటరు కాదు. ఆయన దగ్గర ఒక వెదురు గెడ ఉండేది. ఆయనది కొల్లేట్లో ఒక లంక గ్రామం. తండ్రి చేపల బుట్టల పడవ నడిపేవాడట. ఆయన పోయాక ఆ పడవ గెడలోంచి సరిగ్గా మీటరు ముక్క కోయించి తెచ్చుకున్నారు. చేతుల రాపిడికి నున్నబడి, చెరుకు పాకం రంగులో ఉండేది. పెళ్లి పెళ్లికీ ముందురోజు దాన్ని బోర్డు అడుగున గోడకు ఆనించి నేలమీద పడుకోబెట్టి, అవతలి కొన దగ్గర పసుపు రంగుతో గీత దిద్దేవారు. గీత లోపల పూలరెక్క పడినా ఒప్పుకునేవారు కారు.

“టేపు కొనుక్కోవచ్చుగా బాబాయ్?” అన్నాను ఒకసారి.

“టేపు మీటరెంతో చెబుతుంది. ఎందుకో చెప్పదు,” అన్నారు. తరవాత చెప్పారు. కొల్లేట్లో పడవకి ఎన్ని బుట్టలన్నా ఎక్కించుకుంటారట, మనుషుల్ని ఎక్కించుకుంటారట, గేదె దూడనీ ఎక్కించుకుంటారట. కాని గెడ వేసేవాడు నిలబడే చోటులో మాత్రం దోసెడు చేపలు కూడా పెట్టరు. “గాలొచ్చినప్పుడు పడవ నిండా బుట్టలుంటే మునగదురా అబ్బాయ్. గెడ వేసేవాడికి కాలు పెట్టుకునే చోటు లేకపోతే మునుగుతుంది. ఈ హాలూ పడవే. అదిగో, నేను నిలబడే చోటు అది.”

ఆయనకు ఖాకీ అట్ట వేసుకున్న కరెంటు రూల్సు పుస్తకం ఒకటుండేది. బైబిలు పక్కనే ఉండేది, రెండిటినీ అంతే శ్రద్ధగా చదివేవారు, ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దారి కూడా వేసుకునేవారు. “ప్రభువు రక్షిస్తాడు. మెయిన్ స్విచ్చి దగ్గరికి దారి మాత్రం మనమే ఉంచాలి,” అనేవారు. ఆ పుస్తకంలో ఆయనకు బాగా నచ్చిన రూలు బోర్డు వెనక జాగా గురించి. వెనక జాగా ఉంటే జానెడు లోపన్నా ఉండాలి, లేదా మనిషి హాయిగా దూరేంతన్నా ఉండాలి. ఆ రెంటికీ మధ్య ఉండకూడదు. “మధ్యరకం జాగా ఉందనుకో, ఎవడో ఒకడు ఇరుక్కుని దూరతాడు. దూరినవాడు వేళకి బయటికి రాలేడు,” అని వివరించేవారు. నేను బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదువుతున్న మేధావిని కనక ఇది విని నవ్వాను. ఇప్పుడు ఆ రూలు నా చొక్కా జేబులో ఉన్నట్టుంటుంది.

ఇంకో అలవాటు చెప్పాలి. కరెంటు పనిచేసేవాళ్లు ఇనుమును ముందు అరచేత్తో తాకరు, చేతి వెనక వైపుతో తాకుతారు. షాకు కొడితే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది, అరచేత్తో తాకితే పట్టేసుకుంటుంది. బాబాయికి ఈ అలవాటు మనుషుల దాకా పాకింది. కొత్తవాళ్ల భుజం మీద ముందు చేతి వెనక వైపు ఆన్చేవారు. నమ్మకం కుదిరాక అరచెయ్యి వేసేవారు. నాకు అరచెయ్యి రావడానికి మూడు పెళ్లిళ్లు పట్టింది.

మేం నలుగురం డిగ్రీ చదువుతూ పెళ్లి మండపాలకు థర్మోకోల్ డెకరేషన్లు చేసేవాళ్లం. హంసలు, నెమళ్లు, హృదయాలు, హృదయాల్లో గుచ్చుకున్న బాణాలు. ఆ బొమ్మలన్నీ అంటించే మా అట్టగోడ వేదిక మీద ఎంత వెనక్కి జరిగితే అంత బాగుంటుంది మాకు. గీత దాటి ఎంత ముందుకొస్తే అంత బాగుంటుంది బాబాయికి. గెడ పెట్టి కొలిచి ముందుకి జరిపించేవారు. జరిపాక ఆ అట్టగోడ వెనక, బోర్డు ముందు, స్టూలు వేసుకుని పెళ్లి అయ్యేదాకా కూర్చునేవారు. గట్టిమేళం వినపడితే తాళి పడిందని, జనం నవ్వితే తలంబ్రాలని, వీడియోవాడు అరిస్తే అప్పగింతలని పోల్చుకునేవారు.

“ఈ హాల్లో కొన్ని వందల పెళ్లిళ్లు విన్నానురా. ఒక్కటీ చూళ్లేదు,” అనేవారు. అందులో బాధ లేదు. పెళ్లి చూడ్డం ఆయన డ్యూటీ కాదు, అంతే.

అలా ఉండగా మండపం యజమాని గారి అమ్మాయి పెళ్లి వచ్చింది. ఊరంతా ఆయన్ని ప్రొప్రైటరు గారు అనే అంటారు. సొంత హాల్లో సొంత కూతురి పెళ్లి. వేదిక పెద్దది కావాలన్నారు. వెనక కొల్లేరు సరస్సు మొత్తం కనిపించాలన్నారు: నీళ్లు, తూడు, పడవ, మధ్యలో మనిషంత కొంగ. మాకు అది జీవితంలో మొదటి పెద్ద ఆర్డరు. వేదిక పెంచాలంటే అట్టగోడను వెనక గోడకు ఆనించాల్సిందే, అంటే బోర్డు మీదే కప్పాల్సిందే.

బాబాయి గెడ పట్టుకుని ప్రొప్రైటరు గారి ఎదుట నిలబడ్డారు. “ఏవండీ, ఇది కుదరదండి.”

“ఒక్కరోజు సర్దుకోవయ్యా. నా కూతురి పెళ్లికి కూడా నీ గీతేనా?”

“మీ అమ్మాయి గారి పెళ్లి కనకేనండి.”

మధ్యలో నేను దూరాను. నాకెప్పుడూ మధ్యలో దూరడం ఇష్టం. బోర్డు సరిగ్గా కొంగ వెనక వస్తుంది కాబట్టి, కొంగను విడిగా చేసి కన్నంలో కూర్చోబెడతాననీ, అవసరమైతే తలుపులా లాగేయవచ్చనీ చెప్పాను. ప్రొప్రైటరు గారు నన్ను మెచ్చుకున్నారు. బాబాయి చాలాసేపు ఆ కన్నం వంక చూసి, సరేనన్నారు. నా భుజం మీద అరచెయ్యి వేసి, “నీ మాట మీద ఒప్పుకుంటున్నానురా,” అన్నారు.

పెళ్లి పగలు పదకొండు గంటలకు. మే నెల. పొద్దున్నే హాల్లో కూలర్లు పెట్టారు. కూలరు గాలికి మా కొంగ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. పెళ్లివారిలో ఎవరో చూసి, “అదేంటి, కొంగ తాగొచ్చిందా?” అన్నారు. నా కళాహృదయం గాయపడింది. పక్కనున్న సుత్తి తీసుకుని ఎనిమిది మేకులు కొట్టేశాను. కొంగ నిలబడింది.

అట్టగోడ వెనక చోటు లేదు కనక, ఆరోజు బాబాయి మొదటిసారి వేదిక పక్కన, జనంలో కూర్చున్నారు. తెల్ల చొక్కా వేసుకున్నారు, జేబులో పెన్ను పెట్టుకునే చోట టెస్టరు. కాళ్ల మధ్య గెడ. ముహూర్తానికి గంట ముందు నన్ను పిలిచారు.

“ఒరే, కొంగ లాగితే వచ్చేస్తుందా?”

“ఊదితే ఎగిరిపోద్ది బాబాయ్!” అన్నాను.

ఆయన నవ్వారు. ప్రతి తీగనీ టెస్టరు పెట్టి చూసే మనిషి, తనే మళ్లీ ఒకసారి లాగి చూసుకోలేదు. నా మాట విని వెళ్లి కూర్చున్నారు. కళ్లు పెద్దవి చేసుకుని, తొలిసారి సినిమాకొచ్చినవాడిలా పెళ్లి చూడ్డం మొదలుపెట్టారు.

తాళి కట్టడానికి పెళ్లికొడుకు లేచాడు. వీడియోవాళ్లు ఉన్న లైట్లు చాలక ఇంకో రెండు వెలిగించారు. సీరియల్ బల్బులు, కూలర్లు, మైకు అన్నీ ఆ ఒక్క బోర్డు మీదే. వేదిక మీద హోమం పొగ ఉంది కాబట్టి ఇంకో పొగ కలిస్తే ఎవరికీ తెలియలేదు. ఇరవై ఏళ్లు ముక్కుతో కాపలా కాసిన మనిషికి తెలిసింది. బాబాయి లేచి వేదిక ఎక్కడం, పురోహితుల వెనక నుంచి కొంగను పట్టుకు లాగడం నేను చూశాను. అది రాలేదు. రెండు చేతులా పట్టి లాగారు. రాలేదు. ఒక్క క్షణం ఆగి జనంలోకి చూశారు. నాకోసమేనని నాకు తెలుసు. తరవాత గెడ ఎత్తి కొంగ గుండెల మీద కొట్టారు. రెండో దెబ్బకు థర్మోకోల్ బద్దలైంది, గెడ కొస కూడా విరిగింది. ఆ కన్నంలోంచి మేకులకు గీసుకుంటూ చెయ్యి దూర్చి మెయిన్ దించేశారు.

కిటికీలకు పరదాలు కట్టిన హాలు చీకటైంది. మైకు ఆగింది. మైకు లేని గట్టిమేళం ఎక్కడో పక్క ఊళ్లో మోగినట్టు మోగింది. ఆ చీకట్లోనే తాళి పడింది.

అయిదు నిమిషాల్లో ఆయన కాలుతున్న లైను ఫ్యూజు పీకేసి, మిగతావి వెలిగించారు. పెళ్లి సాగింది. కాని చూసినవాళ్లకు కనిపించింది ఇదే: శుభమా అని తాళి కట్టే వేళ దీపాలు ఆర్పి, పెళ్లి మండపం మీద పక్షిని కర్రతో కొట్టాడొక మనిషి. ముసలమ్మలు నోళ్లు నొక్కుకున్నారు. ప్రొప్రైటరు గారు భోజనాల దగ్గరే, అందరి ముందూ నిలదీశారు.

“ఏం పుట్టిందయ్యా నీకు?”

“వైరు కాలుతోందండి.” బాబాయి అరచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు, అది ఎర్రబడుతోంది.

“ఎవరికి కనిపించింది? హోమం పొగ చూసి బెదిరిపోయావ్. పోనీ, కొంగ లాగితే వస్తుందన్నారుగా? అంత చక్కగా తీసే ఏర్పాటుంటే కర్రెందుకు?”

“లాగానండి. రాలేదు.”

“రాకపోవడమేంటి? ఏరా, వస్తుందన్నావా లేదా?”

అందరూ నావైపు తిరిగారు. “మేకులు కొట్టానండీ.” రెండు మాటలు, అంతే. మా మొదటి పెద్ద ఆర్డరు. పక్క బల్ల దగ్గర మా కాలేజీ అమ్మాయిలు. నా నోటికి ఆ రెండు మాటలూ రాలేదు. వేరేవి వచ్చాయి.

“బాబాయిది కొల్లేరు కదండీ, కొంగ కనపడేసరికి వేట గుర్తొచ్చినట్టుంది!”

అందరూ నవ్వారు. ప్రొప్రైటరు గారు కూడా, కోపంలోనే, నవ్వారు. ఆ నవ్వుతో తప్పెవరిదో తేలిపోయింది. బాబాయి నవ్వలేదు, కోప్పడనూ లేదు. నావంక అలా ఒకసారి చూసి, తువ్వాలు బిగించి కట్టుకున్నారు.

సాయంత్రం అట్టగోడ విప్పుతుంటే ఆ కొంగ వెనక భాగం చూశాను. కేబులు తొడుగు కరిగి నల్లబడింది. దానికి ఆనుకున్న థర్మోకోల్ ఇడ్లీ రేకులో గుంటలా, అరచెయ్యంత మేర, లోపలికి కరిగిపోయింది. దాని పక్కనే శాటిన్ గుడ్డ. ఇంకో నిమిషం అయితే ఏమయ్యేదో నాకు ఫిజిక్సు అక్కర్లేకుండానే అర్థమైంది. ఆ ముక్కను పట్టుకెళ్లి చూపిస్తే చాలు. నేను దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి గోనెసంచిలో కుక్కాను. విరిగిపడిన గెడ కొస కూడా అందులోనే పడేశాను. చెత్తబండి వాడు పట్టుకెళ్లిపోయాడు.

సోమవారం నుంచి రావద్దన్నారు బాబాయిని.

ఆ అమ్మాయి కాపురం లక్షణంగా ఉంది. ఇద్దరు పిల్లలు. అపశకునం కరెంటు బాబాయికే తగిలింది. నేను సరదాకి అన్న మాట ఊళ్లో పేరైపోయింది, ‘కొంగల వేటగాడు’. మరో మండపం వాళ్లు పనికి పిలుద్దామనుకుని, “ఆ వేటగాడా, వద్దులెండి,” అన్నారని విన్నాను. ఆయన మళ్లీ కొల్లేరు వైపు వెళ్లి చేపల చెరువుల దగ్గర మోటారు షెడ్లు బాగుచేసుకుంటూ బతికారు. తరవాత పిన్నిగారి పుట్టిల్లు దెందులూరు దగ్గర పల్లెటూరు, అక్కడికి మారిపోయారు. నాకు ఏలూరులో ఉద్యోగం వచ్చింది. రోజూ ఆ ఊరి మీదుగానే బస్సు వెళ్లేది. కిటికీ పక్కది కాని సీటు చూసుకుని కూర్చునేవాణ్ని.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ధైర్యం చేసి దిగాను. బాబాయి వసారాలో కూర్చుని మోటారు స్టార్టరు బాగుచేస్తున్నారు. గోడకు కరెంటు మీటరు బోర్డు, దాని ముందు నేలమీద పసుపు గీత. ఇంట్లో ఉన్నదే రెండు గదులు, ఆ వసారా. అందులో మీటరు నేల వదిలేశారు.

“గెడ విరిగిపోయిందిగా, గీత ఎలా గీశారు బాబాయ్?” అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

“గెడా, పైన బెత్తెడూ,” అని విరిగిన కొస దగ్గర నాలుగు వేళ్లు ఆన్చి చూపించారు. ఆ అరచేతిలో మేకు గీసిన మచ్చ తెల్లగా ఉంది.

పిన్నిగారు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లాక చెప్పాను. “బాబాయ్, ఆరోజు కొంగకి మేకులు కొట్టింది నేనే.”

“తెలుసు బాబూ,” అన్నారు స్టార్టరు మీంచి తలెత్తకుండా. “మేకు తలలు కొత్తవి. చేత్తో తడిమి చూశాను.”

“మరి అప్పుడే చెప్పలేదేం?”

“చెప్పాల్సింది నేను కాదు కదా.” స్క్రూ బిగించారు. “నేను చెబితే నా తప్పు కప్పిపుచ్చుకోడానికి కుర్రాడి మీద పెట్టానంటారు. నువ్వు చెబితే నిజమంటారు. నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే చెబుతున్నావు. ఆయనకి చెప్పు. పనికోసం కాదు, ఆ పని ఎలాగూ పోయింది. అంతమంది ముందు వట్టి పొగకి బెదిరిపోయానన్నారు. ఇరవై ఏళ్ల పని బాబూ. అదొక్కటీ.”

“రేపే చెబుతాను బాబాయ్.”

“మంచిది.” బయల్దేరుతుంటే నా భుజం తాకారు. చేతి వెనక వైపుతో.

ఆ రేపు వచ్చింది కూడా. వెళ్లాను. ప్రొప్రైటరు గారు కాఫీ ఇప్పించి, “మీ వేటగాడెలా ఉన్నాడ్రా?” అన్నారు. నేను నవ్వాను. నవ్వాక ఇంకేం చెప్పగలం? కాఫీ బాగుందని చెప్పి వచ్చేశాను. ఆ తరవాత పండగ అయ్యాక అనుకున్నాను, ఎన్నికలయ్యాక అనుకున్నాను, వానలు తగ్గాక అనుకున్నాను. బాబాయికీ నాకూ మధ్య మిగిలింది ఆ మధ్యరకం జాగాయే. జానెడు లోపూ కాదు, మనిషి దూరేంతా కాదు. అందులో దూరి ఇరుక్కుని రెండేళ్లు గడిపాను.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్లేసరికి జనం. లోపల గదిలో పెట్టె. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు. నలుగురు ఆడవాళ్లు సన్నగా పాట అందుకున్నారు. చెరువుల దగ్గరి మోటారు షెడ్ల వాళ్లు, మా వీధివాళ్లు, ఆయన శత్రువులందరూ వచ్చారు, కుర్చీలవాళ్లు, పూలవాళ్లు, బ్యాండువాళ్లు. వసారాలో ఇసుక పోస్తే రాలదు. చెప్పులు గుట్టలుగా పడున్నాయి.

కాసేపటికి కారు దిగి, పూలదండతో ప్రొప్రైటరు గారు వచ్చారు. జనం దారి ఇచ్చారు. వసారా అంతటా ఖాళీగా కనిపించిన చోటు ఒక్కటే, మీటరు బోర్డు కింద. ఆయన అక్కడికి నడిచి, చెప్పులు అక్కడే విడిచారు.

నాకు తెలియకుండానే వంగాను. ఆ చెప్పులు రెండూ తీసి చేత్తో పట్టుకున్నాను.

“ఏంట్రా అది?” అన్నారు ఆయన కంగారుగా. “నువ్వు నా చెప్పులు తియ్యడమేంటి?”

“ఇక్కడ ఏవీ పెట్టకూడదండి.” మొదలుపెట్టాక ఆగలేదు. “ఆ కొంగ లాగితే రాలేదండి. నేను మేకులు కొట్టేశాను. ఎనిమిది. వచ్చేస్తుందని అబద్ధం చెప్పాను. వైరు నిజంగానే కాలిందండి, అట్ట అరచెయ్యంత కరిగిపోయింది. నేను చూసి, పారేశాను.”

చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. కుర్చీలవాళ్లు విన్నారు. గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారు విన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ప్రొప్రైటరు గారు లోపల గదిలో పెట్టె వైపు చూశారు. తరవాత, “ఎదురుపడ్డప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. నేను మొహం తిప్పుకునేవాణ్ని,” అన్నారు. “ఒక్కసారన్నా చెప్పలేదేరా ఆయన?”

“చెప్పాల్సింది నేనండి.”

ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. నా చేతిలోంచి తన చెప్పులు తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, ఒక చేత్తో చెప్పులూ ఒక చేత్తో దండా పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. పిన్నిగారు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. “రండి,” అన్నారు. లోపల పాట అయిపోయింది. వినవలసిన మనిషి పెట్టెలో కళ్లు మూసుకుని ఉన్నారు. ఒక నిజాన్ని ఇంత ఆలస్యంగా చెప్పాక అది ఎవరికి చెందుతుందో నాకు తెలియదు.

నాలుగింటికి పెట్టె లేవదీశారు. అందరూ ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కోకుండానే వెంట నడిచారు. నేను వసారాలో వెనకబడ్డాను. నూరు జతల చెప్పులు, ఒకదాని మీద ఒకటి, తోసుకుంటూ వచ్చి, వెలిసిపోయిన పసుపు గీత దగ్గర కోసినట్టు ఆగిపోయాయి. గీత లోపల ఒక్కటీ లేదు. బోర్డు కింద గోడకు ఆనించి ఆయన గెడ పడుకోబెట్టి ఉంది, ఎప్పుడూ కొలత పెట్టేటట్టే. దాని విరిగిన కొస గీతను అందుకోలేదు. ఇంకా బెత్తెడు నేల మిగిలింది.

ఆ బెత్తెడు నేనే గోనెసంచిలో పారేశాను.